మంచు కొండ మీద మన పాలకొల్లు బిడ్డ



మన పాలకొల్లు వాళ్లకు కొండ అంటే ఏమిటో తెలియదు. నరసాపురం వైపు వెళ్లినా, భీమవరం వైపు వెళ్లినా నేల అరచెయ్యిలాగే ఉంటుంది. ఎత్తు అంటే మనకు కొబ్బరిచెట్టు, క్షీరారామం గాలిగోపురం, అంతకు మించితే కాలువ గట్టు. నా చిన్నతనంలో తాటిమట్ట మీద కూర్చుని ఆ గట్టు మీద నుండే జారేవాళ్లం. జారడం అందరికీ వచ్చు. నీళ్లలో పడకుండా ఆగడం ఎవరికి వస్తే వాడే మాలో మొనగాడు.

అలాగే మంచు సంగతి కూడా. మనకు మంచు అంటే సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున చేల మీద పరుచుకుని, ఎనిమిది గంటలకల్లా పోయేదే. మన బైబిలు తర్జుమా చేసిన పెద్దలు ఈ సంగతి ఎరిగే, గడ్డి మీద పడేదాన్ని మంచు అనీ, ఆకాశం నుండి తెల్లగా రాలేదాన్ని హిమము అనీ వేరు చేశారు. హెర్మోను మీద నుండి దిగేది మంచు. యోబు గ్రంథము 38వ అధ్యాయములో దేవుడు నిధుల సంగతి అడిగేది హిమము గురించి. యెషయా మొదటి అధ్యాయములో పాపములు తెల్లబడడానికి పోలిక చెప్పినదీ హిమమే. ఇరవై ఏండ్లుగా ఆ మాటల మీద ప్రసంగాలు చేస్తున్నాను. హిమమును మాత్రం చేత్తో ముట్టి ఎరుగను.

2024 ఫిబ్రవరిలో కెనడా దేశంలోని కాల్గరీ పట్టణంలో ఉన్న మన తెలుగు విశ్వాసులు కుటుంబ కూడికలకు నన్ను పిలిచారు. బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు మా సంఘ పెద్ద ఒకాయన ఇంటికి వచ్చారు. కొబ్బరికాయల వ్యాపారం ఆయనది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు.

“అయ్యగారండీ, మావోడు ఆ ఊళ్లోనే కదండీ చదివాడు. చేను తాకట్టు పెట్టి పంపాను. రెండేళ్లు కంప్యూటరు చదివాడు, ఆఫీసులో ఉద్యోగం కూడా వచ్చింది. ఇప్పుడేమో అది మానేసి మంచులో జారడం నేర్పుతాడంటండీ! నలుగురూ అడిగితే ఏం చెప్పమంటారండి? మీరే ఎలాగైనా నచ్చజెప్పి రావాలండి.”

“ప్రార్థన చేసుకోండి, నేను మాట్లాడతాను” అన్నాను. దాచుకోవడమెందుకు, విమానంలోనే తప్పిపోయిన కుమారుని ఉపమానము మీద అతనికి చెప్పవలసిన మాటలన్నీ మనసులో వరసగా పేర్చుకున్నాను.

కాల్గరీ నుండి పడమరగా, ఇంచుమించు మన ఊరికీ విజయవాడకూ ఉన్నంత దూరంలో బాన్ఫ్ అనే ఊరు ఉంది. 1885లో మొదలై, ఆ దేశానికంతటికీ మొదటి జాతీయవనము అయినది అక్కడే. ఊరే సముద్రమట్టానికి 1,383 మీటర్ల ఎత్తున ఉంటే, దాని చుట్టూ రాకీ పర్వతాలు గోడల్లాగ లేచి ఉన్నాయి. ఊరికి ఆనుకునే నార్‌క్వే అనే కొండ ఉంది. దాని మీద 1926 నుండి మంచుజారుడు ఆట సాగుతున్నదట. మా కుర్రవాడు ఉండేది అక్కడే.

పాఠకులలో చాలామంది చూసి ఉండరు గనుక స్కీ అంటే ఏమిటో చెబుతాను. కాలికి ఒకటి చొప్పున తగిలించుకునే పొడుగాటి సన్నని పలకలు అవి. ముందు కొన పైకి వంగి ఉంటుంది. కాలికి వేసుకునే బూటు గట్టి ప్లాస్టిక్కుది. చీలమండ అటూ ఇటూ కదలదు. బూటును పలకకు పట్టి ఉంచే మరను బైండింగు అంటారు. మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, ఎంత అలవాటున్నదీ అడిగి రాసుకుని, ఆ లెక్కన ఒక అంకె మీద దానిని బిగిస్తారు. పడ్డప్పుడు అంతకు మించిన బలం వస్తే బూటు పలక నుండి ఊడిపోవాలి. ఊడకపోతే విరిగేది కాలి ఎముక. ఇలాంటిది ఒకటి ఉందని తెలిశాక ఆ ఆట మీద నాకు కొంత గౌరవం కలిగింది.

కుర్రవాడు పరుగెత్తుకుంటూ వచ్చి, “వందనాలండి అయ్యగారూ” అని నా చేతులు పట్టుకున్నాడు. మా సండేస్కూలులో వాక్యాలు కంఠతా పట్టిన పిల్లవాడే. ముఖమంతా ఎండకు కమిలిపోయి ఉంది. ఆ రోజు మైనస్ 14 డిగ్రీలు. మాట్లాడదామని నేను గొంతు సవరించుకునేలోపే, “పది గంటలకు నాకు చిన్నపిల్లల తరగతి ఉందండి, కొంచెం సేపు ఇక్కడ నిలబడి చూడండి” అన్నాడు.

చూశాను. ఐదారేళ్ల పిల్లలు ఆరుగురు. ఒక పాప ఏడుస్తోంది. అతను ఆ పాపకు “భయపడకు” అని ఒక్కసారి కూడా చెప్పలేదు. మోకాళ్ల మీద కూర్చుని, స్కీల ముందు కొనలు దగ్గరగా, మడమల వైపు దూరంగా ఉండేటట్టు ఆమె కాళ్లు సర్దాడు. అక్కడి పిల్లలకు దానిని పిజ్జా ముక్క అని చెబుతారు. ఆ తీరులో నిలబడితే పలకల లోపలి అంచులు మంచును పట్టుకుంటాయి, వేగం తగ్గుతుంది. అప్పుడు తాను పల్లం వైపుకు వెళ్లి, పాపకు ఎదురుగా తిరిగి, వెనక్కి వెనక్కి జారుతూ చేతులు చాచాడు. వాలు దిగేసరికి పాప నవ్వుతోంది.

మధ్యాహ్నం నా వంతు వచ్చింది. నా వయసు నలభై ఆరు, బరువు ఎనభై రెండు కిలోలు. కాల్గరీ సహోదరులు ఎరువిచ్చిన ఉన్ని బట్టల్లో ధాన్యం బస్తాలా ఉన్నాను. ఆ బూట్లతో పది అడుగులు నడవడానికే దేవుని సహాయం అడగవలసి వచ్చింది. మొదటి వాలు నిజంగా మన కాలువ గట్టు కంటే ఎక్కువ ఉండదు. అయినా పై నుండి చూస్తే కడుపులో తిప్పినట్టయింది.

“అయ్యగారూ, రెండు చేతులూ పాక కప్పులా పెట్టండి. అదేనండి, కాళ్లు కూడా అలాగే” అన్నాడు. పాలకొల్లు వాడు గనుక నాకు పిజ్జా చెప్పలేదు, తాటాకు పాక చెప్పాడు! బయలుదేరాను. బయలుదేరగానే భయం వేసి వెనక్కి, అంటే కొండ వైపుకు వాలాను. స్కీలు రెండూ నన్ను వదిలి ముందుకు పోయాయి. వీపు మీద పడ్డాను.

నన్ను లేపుతూ అతను చెప్పిన మాట వినండి. భయపడిన ప్రతి మనిషీ కొండ వైపుకే వాలతాడట. ఒళ్లు వెనక్కి పోతే స్కీల ముందు భాగం తేలిపోతుంది. మలిపేదీ ఆపేదీ ఆ ముందు భాగమే గనుక ఇక ఏదీ మన మాట వినదు. పడిపోతామనిపించే లోయ వైపుకే ఒళ్లు వంచాలి, కాలి ఎముక బూటు నాలుకను నొక్కుతూ ఉండాలి. తిరగవలసి వచ్చినప్పుడు బయటి కాలి మీద బరువు వేయాలి. “ఇది నోటితో చెబితే ఎవరికీ ఎక్కదండి. నేను కింద నిలబడితేనే వాళ్లు ముందుకు వాలతారండి” అన్నాడు. నాలుగోసారి పడకుండా కింద దాకా వెళ్లాను. ఎదురుగా వెనక్కి జారుతూ, చేతులు చాచి, నేను పేరు పెట్టిన పిల్లవాడే ఉన్నాడు.

సాయంత్రం వాళ్ల గదిలో అతను వండిన పప్పన్నం తింటూ శిక్షణ సంగతులు అడిగాను. కెనడా స్కీ శిక్షకుల సంఘము 1938లో ఏర్పడింది. దానిలో నాలుగు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టు దాటినవాడు కొత్తవాళ్లకు నేర్పవచ్చు. నాలుగో మెట్టుకు చేరేవాళ్లు కొద్దిమంది, అందుకు ఏళ్లు పడుతుంది. మొదటి మెట్టులోనే రెండు చూస్తారు: తాను ఎలా జారుతున్నాడు, ఎదుటివాడికి ఎలా నేర్పుతున్నాడు. అతను మొదటిసారి తప్పాడట. జారడంలో కాదు, నేర్పడంలో. ఒకే గుక్కలో ఐదు సంగతులు చెప్పేశాడు. ఒకసారికి ఒక్కటే చెప్పి, అది చేయించి, తర్వాతే రెండోది చెప్పాలట. ఈ లెక్కన నా ప్రసంగాలు ఎన్ని తప్పాయో అనుకున్నాను గాని పైకి అనలేదు.

ఇంకో నియమం కూడా ఉంది. కొండ మీద ముందు పోతున్నవాడికి, అంటే పల్లాన ఉన్నవాడికే దారి హక్కు. వెనుక నుండి వేగంగా వచ్చేవాడే తప్పుకోవాలి, ఎందుకంటే ముందున్నవాడికి వెనుక కళ్లు లేవు. మన నరసాపురం రోడ్డు మీద లారీ డ్రైవర్లకు ఈ నియమం ఎవరైనా చెబితే బాగుండును.

ఈ పనికీ మన దేశానికీ ఉన్న బంధం ఒకటి చదివి ఆశ్చర్యపోయాను. హెన్రీ లన్ అనే మెథడిస్టు దైవసేవకుడు, వైద్యుడు, 1887లో మిషనరీగా మన దేశానికి వచ్చారు. 1888లో ఆయన కుమారుడు ఆర్నాల్డ్ మద్రాసులో పుట్టాడు. అప్పటికి మన గోదావరి జిల్లా కూడా మద్రాసు రాజధానిలోనిదే. తండ్రి ఆరోగ్యం చెడి త్వరలోనే తిరిగి వెళ్లారు. తర్వాత 1892లో, విడిపోయిన సంఘాలు ఐక్యపడాలని, సంఘ నాయకులను స్విట్జర్లాండులోని గ్రిండెల్‌వాల్డ్‌కు సమకూర్చారు. ఆ కూడికలకు మనుషులను తీసుకువెళ్లడంలోనే ఆయన ప్రయాణాల వ్యాపారం పెరిగింది. మద్రాసులో పుట్టిన కుమారుడు, ఆర్నాల్డ్ లన్, 1922లో స్విట్జర్లాండులోని మ్యూరెన్‌లో, పాతిన గుంజల మధ్య మలుపులు తిరుగుతూ దిగే స్లాలమ్ పందానికి ఇప్పటి రూపం ఇచ్చారు. 1936 ఒలింపిక్సులో కొండ దిగే స్కీ పందాలు చేరడం వెనుక కూడా ఆయన కృషి ఉంది. మిషనరీ ఇంట పుట్టినవాడు మంచు ఆటకు పెద్ద అయ్యాడు. ఆ రోజుల్లో ఆ తండ్రిని ఎవరేమన్నారో!

అప్పుడే మన డెల్టా మిషనరీలు కూడా గుర్తుకు వచ్చారు. బౌడెన్, బీర్ అనే ఇద్దరు 1836లో ఇంగ్లండు విడిచి మన వైపుకు వచ్చారు. పెద్ద చదువులు లేని సామాన్యులు. ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్నప్పుడు కూలీల మధ్య సువార్త చెప్పింది వాళ్లే. ఎండ ఎరుగని దేశం నుండి వచ్చి మన ఎండలో నిలబడి నేర్పారు. హిమము ఎరుగని ఊరి నుండి వెళ్లిన మావాడు ఇప్పుడు ఆ దేశపు పిల్లలకు హిమము మీద నిలబడడం నేర్పుతున్నాడు. రెండూ ఒకటి కావు, నాకు తెలుసు. అయినా ఆ ఆలోచన నన్ను వదలలేదు.

సరే, తప్పిపోయిన కుమారుని మాట ఎత్తలేదు. కాని ఒకటి అడగక తప్పలేదు. “ఆదివారం ఆరాధన సంగతేమిటి, నాయనా?” తల వంచుకున్నాడు. శని ఆదివారాలే అక్కడ రద్దీ, శిక్షకులకు ఆ రోజు సెలవు దొరకదు. బుధవారం రాత్రి ఊళ్లో ఉన్న ఒక చిన్న ప్రార్థన కూడికకు వెళ్తున్నానన్నాడు. ఇది నాకు తృప్తిగా లేదు. మన సంఘములోనే ఆదివారం డ్యూటీకి వెళ్లే నర్సులు, బస్సు డ్రైవర్లు ఉన్నారు. వాళ్లను నేను ఏమీ అనను. ఇతనిని అనడానికి నోరు రాలేదు. పూర్తిగా ఒప్పుకోవడానికీ మనసు రాలేదు. ఇద్దరం ప్రార్థన చేసుకుని పడుకున్నాం.

ఈ వ్యాసం చదివి మన యౌవనస్థులు ఎవరైనా తొందరపడతారేమోనని ఒక మాట. పదకొండు వారాల శిక్షణ అని పేరు పెట్టి లక్షల రూపాయలు తీసుకునే సంస్థలు ఉన్నాయి. మా కుర్రవాడు అలా చేరలేదు. చదువు తర్వాత ఇచ్చిన పని పర్మిట్టు ఉండగా, స్కీ బడిలో పరికరాలు అద్దెకిచ్చే చోట చేరి, సెలవు గంటల్లో జారడం నేర్చుకుని, పరీక్షకు మాత్రం రుసుము కట్టుకున్నాడు. పని శీతాకాలం వరకే, జీతం గంటల లెక్కన. అసలు ఈ ఆట ఇష్టమో కాదో చూసుకోవడానికి విదేశం దాకా పోనక్కరలేదు. కాశ్మీరులోని గుల్మార్గ్‌లో మన ప్రభుత్వపు స్కీ సంస్థ ఉంది, కొత్తవాళ్లకు తరగతులు నడుపుతుంది.

తిరిగి వచ్చిన మూడో రోజు సాయంత్రం కొబ్బరి రాశుల దగ్గరకు వెళ్లాను. పెద్దాయన కుర్చీ వేయించారు. ఫోనులో తీసుకొచ్చిన వీడియో చూపించాను. పాప ముందుకు, ఆయన కొడుకు వెనక్కి, తెల్లని వాలు మీద జారుతున్నారు. మూడుసార్లు చూశారు.

“వెనక్కి చూడకుండా ఎలా వెళ్తున్నాడండి?”

“అదే పరీక్షండి. మొదటిసారి తప్పి రెండోసారి నెగ్గాడు.”

“ఆ పిల్ల ఎవరండి?”

“ఎవరో, నాకూ తెలీదండి. ఆ ఉదయం ఏడుస్తూ వచ్చింది.”

ఆదివారం సంగతి కూడా దాచకుండా చెప్పాను. ముఖం చిన్నబోయింది. కాసేపు కాయలు లెక్కపెట్టేవాడి వైపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత అడిగారు.

“ఏప్రిల్ మేలో ఆ మంచు కరిగిపోద్ది కదండీ. అప్పుడేం చేస్తాడంటండి?”

మనకు ఎండలు తగ్గే జూన్ నుండి న్యూజీలాండులో శీతాకాలం మొదలవుతుందనీ, శిక్షకులు చాలామంది అక్కడికి వెళ్తారనీ, వీసా దొరికితే ఇతనూ వెళ్తానన్నాడనీ చెప్పాను.

“ఆయ్, అలాగాండి” అన్నారు. టీ తెప్పించారు. నేను లేచేటప్పుడు మెల్లగా అడిగారు.

“అయ్యగారండీ, ఆ దేశంలో మన తెలుగువాళ్ల సంఘం ఏదైనా ఉందేమో కనుక్కుంటారాండి? బుధవారం కూడిక ఉన్నదైనా ఫరవాలేదండి.”

ఆ రాత్రే ఉత్తరం రాశాను.