గుండ్లకమ్మ గట్టున గూళ్ల కాలం

చైత్రంలో గుండ్లకమ్మను చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందు అడిగే మాట ఒకటే: ఏరేదీ? కనుచూపు మేర ఇసుక, నడుమ జమ్ము మొలిచిన మడుగులు, ఒడ్డున సర్కారు తుమ్మ. ఒంగోలు దగ్గర హైవే వంతెన మీద పోయే కార్లలో దీన్ని నది అని గుర్తుపట్టేవారు తక్కువ. వానలు పడ్డ నాలుగు రోజులు పొంగి, వేసవి వచ్చేసరికి ఒట్టిపోయే ఈ ఏటిని చచ్చిన ఏరు అనేయడం తేలిక. అయితే ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా ఈ ఇసుకనూ, కోసుకుపోయిన గట్లనూ, పంట తీసేసిన చేలనూ నమ్ముకుని గుడ్లు పెట్టే పిట్టలున్నాయి. ఏరు నిండుగా పారుతుంటే వాటికి ఇక్కడ చోటుండదు.

గుండ్లకమ్మ పుట్టేది నల్లమలలో, గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర. అది అభయారణ్యం, పులులు తిరిగే చోటు. అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టే వీల్లేదు. అడవి ఆకు రాల్చి, మోదుగులు పూసిన రోజుల్లో పిట్టను చూడ్డం సులువు, చూసే మనిషికి ఎండ తప్పించుకోవడం కష్టం. అక్కడ ముందు వినపడేది కంసాలి పిట్ట. కొలిమి దగ్గర చిన్న సుత్తి ఆడినట్టు ఒకే లయలో గంటల తరబడి మోగిస్తుంది. ఎండిన కొమ్మను ముక్కుతో తొలిచి, వాన నీళ్లు లోపలికి పోకుండా బొరియ మూతిని కొమ్మ అడుగు వైపు పెట్టుకుంటుంది. పచ్చి కొమ్మ దానికి పనికిరాదు. పుల్లలకని ఎండుమాను కొట్టేస్తే పోయేదేమీ లేదనుకునేవాళ్లు ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి.

కొండ దిగగానే ఏటికి అడ్డం కంభం చెరువు. రెండు కొండల మధ్య సందును మూసి విజయనగర రాజుల కాలంలో కట్టిన కట్ట ఇది. శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. అంతర్జాతీయ నీటిపారుదల సంఘం 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేర్చింది. మార్చి నాటికి నీరు వెనక్కి తగ్గి, బురద అంచులు బయటపడతాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు ఆ అంచుల వెంట కూలికి దిగినట్టు వరుసగా నడుస్తుంటాయి.

కంభం దాటి మార్కాపురం వైపు, అక్కడి నుంచి దొనకొండ, కురిచేడు వైపు వచ్చేకొద్దీ నేల రాతిమయం. పలకలకు పేరుపడ్డ సీమ. తీతువు పిట్టకు ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదు. గూడనేది అది కట్టదు. చేతి మందాన చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు, అందులో సాధారణంగా నాలుగు గుడ్లు, నాలుగింటి మొనలూ లోపలికి తిరిగి ఉంటాయి. బూడిద పచ్చ రంగు మీద నల్లటి మచ్చలు. రెండడుగుల దూరంలో నిలబడ్డా అవి రాళ్లో గుడ్లో తేలదు. మధ్యాహ్నం ఎండకు గుడ్లు ఉడికిపోకుండా తల్లీ తండ్రీ వంతులవారీగా నీడ పట్టి నిలబడతాయి. అది చాలకపోతే దగ్గర్లోని మడుగుకు వెళ్లి, పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. ఆ మడుగు కూడా ఎండిపోయిన ఏడాది ఏం చేస్తాయన్నది ఊహించుకోవాల్సిందే.

రాత్రి తీతువు అరిస్తే ఊళ్లో ఎవరికో మూడిందని పల్లెల్లో భయం. నిజానికి అది అరిచేది కుక్కో నక్కో గుడ్ల దాపుకు వచ్చినప్పుడు. అరిష్టం ముంచుకొచ్చింది దాని ఇంటికే.

గుంటూరు - నంద్యాల రైలు మార్గంలో వినుకొండ దాటాక గుండ్లకమ్మ పేరుతోనే ఒక చిన్న స్టేషను ఉంది. ఇలాంటి చోట్ల ఏటి గట్టు నిలువునా కోసుకుపోయి, గోడలా నిలబడి ఉంటుంది. గోడలో అరచేతి ఎత్తుకొకటి చొప్పున గుండ్రటి కన్నాలు. అవి పసిరిక పిట్టలవి. పిచ్చుకంత ఒళ్లు, ఆకుపచ్చ రంగు, కంటి మీదుగా నల్ల గీత, తోక మధ్య నుంచి పొడుచుకొచ్చిన సన్నని ఈకలు. తీగ మీద కూర్చుని ఎగిరే తేనెటీగను గాల్లోనే పట్టి, కొమ్మకేసి బాది, కొండి ఊడ్చుకుని మింగే పిట్ట ఇదే. ముక్కుతో తవ్వి, కాళ్లతో మట్టి వెనక్కి చిమ్ముతూ మీటరు లోతు దాకా సొరంగం తీస్తుంది. లోపల గడ్డి లేదు, ఈక లేదు. ఒట్టి మట్టి మీదే తెల్లని గుండ్రటి గుడ్లు.

ఈ పిట్ట తెలివి గురించి పుణెకు చెందిన మిలింద్ వాట్వే బృందం 2002లో ఒక పరిశోధన వెలువరించింది. మనిషి కన్నం కనపడే చోట నిలబడితే పిట్ట గూట్లోకి వెళ్లడానికి జంకింది. అంతే దూరంలో, కన్నం కనపడని చోట నిలబడితే పెద్దగా సంకోచించలేదు. అంటే మనిషి ఉన్నాడా లేడా అన్నది కాదు, అతనికి ఏం కనపడుతోందన్నది అది లెక్క వేస్తోందన్నమాట. కెమెరా పట్టుకుని గట్టుకెదురుగా గంటలకొద్దీ కూర్చునేవాళ్లు తెలుసుకోవలసిన సంగతి. ఆసేపూ లోపలి పిల్లలకు తిండి ఉండదు. ఇసుక ట్రాక్టర్లు దిగడానికి గట్టును వాలుగా చెక్కేసిన చోట అసలు ఆ గోడే ఉండదు కాబట్టి, కెమెరా తప్పు అక్కడ చిన్నదైపోతుంది.

వినుకొండ గుర్రం జాషువా ఊరు. ఆయన ఖండిక రాసిన గిజిగాడిని మాత్రం ఈ కాలంలో వెతకడం దండగ. తొలకరి పడి, గడ్డి ఏపుగా లేచాకే అది పోచ చీల్చి గూడు అల్లుతుంది. మగదాని తలకు పసుపు రంగు తిరిగేదీ దాదాపు అప్పుడే.

ఇక మిరప సంగతి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ మెట్ట పల్లెల్లో ఏ కల్లం చూసినా ఎర్రగా పరిచిన కాయలే. ఘాటుకు దారిన పోయేవాడికి తుమ్ము ఆగదు. సరిగ్గా అప్పుడే రామచిలుకలు తాటిమానుల తొర్రల్లో పిల్లల్ని సాకుతుంటాయి, పండుమిరప మీద వాలుతుంటాయి. వాటికి మంట పుట్టదు. మిరపలోని కాప్సైసిన్‌కు మండే గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది, 2021లో ఆయన నోబెల్ అందుకున్నాడు. కోళ్లలో అదే గ్రాహకం కాప్సైసిన్‌కు స్పందించదని ఆ ప్రయోగశాలే 2002లో తేల్చింది. నమిలి గింజను పాడుచేసే ఎలుకలాంటి వాటిని మంట తరిమేస్తుంది. గింజను చెడగొట్టకుండా మోసుకుపోయే పిట్టలకు దారి వదులుతుంది. అడవి మిరప వేసుకున్న ఎత్తు అది. గుంటూరు యార్డుకు బస్తాలెత్తే రైతుకు ఈ ఎత్తుతో లాభమేమీ లేదు, చిలుకల్ని తోలడానికి ఇంటిల్లిపాదీ డబ్బాలు వాయించాల్సిందే. ఆ చిలుకనే ఆంధ్రప్రదేశ్ 2018లో రాష్ట్ర పక్షిగా ప్రకటించుకుంది.

పత్తి చేలది వేరే కథ. 1987-88లో తెల్లదోమ విరుచుకుపడి, ఎన్ని మందులు కొట్టినా లొంగక, ప్రకాశం జిల్లా పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో మిరప మీద నల్ల తామర పురుగు పడ్డప్పుడూ స్ప్రేయర్లకు విరామం లేకపోయింది. గింజలు తిని బతికే పిచ్చుక కూడా గూట్లో పిల్లలకు పెట్టేది పురుగులే. అందువల్ల మందు కొట్టిన చేను పక్క గూడుకు మందు నేరుగా తగలనవసరం లేదు, ఆకలి చాలు. వ్యవసాయ శాఖ మరో దారి కూడా చెబుతూ వస్తోంది: చేలో అక్కడక్కడా కర్రలు పాతి, పైన అడ్డకర్ర కట్టమని. వీటికి పక్షి స్థావరాలని పేరు. వాటి మీద ముందు వాలేది పసులపోలిగాడు. చీలిన తోకతో నల్లగా నిగనిగలాడే ఈ పిట్ట పశువుల వీపుల మీద సవారీ చేస్తూ, గడ్డిలోంచి లేచిన పురుగునల్లా అందుకుంటుంది. గూడున్న చెట్టు దగ్గరికి కాకి వచ్చినా గద్ద వచ్చినా వీపు మీద పొడిచి తరుముతుంది. అందుకే ఇతర చిన్న పిట్టలు అదే చెట్టు చూసుకుని గూడు పెడుతుంటాయి.

అద్దంకి దగ్గర ఏరు కాస్త వెడల్పు తిరుగుతుంది. తొమ్మిదో శతాబ్దపు పండరంగని పద్యశాసనం దొరికిన ఊరు, తర్వాత రెడ్డిరాజుల తొలి రాజధాని. ఈ ఏటి ఒడ్డునే చదలవాడలో ఉన్నాడని చెప్పే ఎర్రన, నన్నయ వదిలిపెట్టిన అరణ్యపర్వాన్ని అందుకున్న మొదటి పద్యంలోనే శరత్కాలపు ఉదయాన హంసలనూ సారసాలనూ కూయించాడు. కవుల హంసల మాటెలా ఉన్నా, ఏట్లో నీళ్లుండే శరత్తుకు పిట్టల్ని ముడిపెట్టడంలో ఆయన లెక్క తప్పలేదు.

నీటి పిట్టల లెక్క తెలుసుకోవాలంటే ఏటిని కాసేపు వదిలి గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు వెళ్లాలి. ఊరి చెరువులో తుమ్మచెట్ల దిబ్బలు, వాటి మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. చెట్లు చాలక అటవీ శాఖ నీళ్లలో ఇనుప మంచెలు నిలబెట్టింది, పిట్టలు వాటి మీదా గూళ్లు కట్టాయి. ఊరివాళ్లు ఆ చెరువులో చేపలు పట్టడం మానేశారు. చలికాలంలో గుడ్లు పెట్టిన ఈ పిట్టలకు వసంతం చివరి అంకం. మార్చిలో వెళ్తే ఒళ్లంతా పెరిగి, రెక్క ఇంకా కుదరని గూడబాతు పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల దాకా దూర్చి చేపలు లాక్కోవడం చూడొచ్చు. కంపు భరించగలిగితేనే.

మళ్లీ గుండ్లకమ్మకు వస్తే, మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర 2008లో ప్రారంభమైన జలాశయం. 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో మరొక గేటు కొట్టుకుపోయి నిల్వ నీరు సముద్రం పాలైంది. ఆయకట్టు రైతుకు అది పెద్ద దెబ్బ.

అక్కడి నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. ఏరు బకింగ్‌హాం కాలువను దాటి కొత్తపట్నం తీరంలో కలుస్తుంది. ఉత్తరాన చినగంజాం దాకా ఉప్పు మళ్లు. మళ్ల మధ్య మట్టి గట్ల మీద, పొడవాటి గులాబీ కాళ్ల నల్లరెక్కల పిట్టలు గుడ్లు పెడతాయి. మనిషి వస్తే నేల మీద రెక్క ఈడ్చుకుంటూ, దెబ్బ తగిలినట్టు నటించి దూరంగా లాక్కుపోతాయి. పంచతంత్రంలో తీతువు దంపతుల గుడ్లను ఎత్తుకుపోయింది సముద్రం. ఇక్కడ ఆ పని వేసవి గాలివానది.

ఇదే ఒడ్డున చలికాలమంతా గుంపులుగా తిరిగిన ఉల్లంకులు ఏప్రిల్ వచ్చేసరికి పలచబడతాయి. వాటిలో కొన్ని జాతులు గూడు పెట్టేది ఇక్కడ కాదు, సైబీరియా ఉత్తరపు అంచున. నడి వేసవిలో కొత్తపట్నం ఇసుక మీద వాటిలో ఒకటి ఒంటరిగా కనపడితే దారి తప్పిందని జాలిపడనక్కర్లేదు. చాలాసార్లు అది నిరుడు పుట్టిన పిల్ల. జత కట్టే ఈడు ఇంకా రాలేదు కాబట్టి, ఈ ఏడాదికి ప్రయాణం మానుకుని ఇక్కడే మేస్తుంటుంది.