ఎల్ బారియో నుంచి ఒక రికార్డు

న్యూయార్క్ నగరంలో సెంట్రల్ పార్కు ఈశాన్య మూల నుంచి తూర్పుగా నడిచే బాటసారికి 110వ వీధి నామఫలకంపై ఒక వాద్యకారుని పేరు కనిపిస్తుంది. అది టిటో ప్వెంటే మార్గం. ఈస్ట్ హార్లెమ్ అనే ఈ ప్రాంతాన్ని స్పానిష్ భాషీయులు ‘ఎల్ బారియో’ అంటారు. ఆ మాటకు ‘పేట’ అని మాత్రమే అర్థం. మరో విశేషణం అవసరమని వారికి తోచినట్లు లేదు. 1997లో వెలువడిన ‘న్యూయోరికన్ సోల్’ ఆల్బం పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోదలచినవారు ఇక్కడి నుంచే బయలుదేరడం మంచిది.

కరిబియన్ ద్వీపమైన ప్యూర్టోరికో 1898లో స్పెయిన్ నుంచి అమెరికా వశమైంది. 1917లో ద్వీపవాసులు అమెరికా పౌరులయ్యారు. రెండవ ప్రపంచయుద్ధానంతరం వేలాది కుటుంబాలు పని వెదుక్కుంటూ ఈ నగరానికి తరలివచ్చాయి. ఇక్కడ పెరిగిన పిల్లలను ద్వీపంలోని బంధువులు ‘న్యూయోరికన్లు’ అని ఎకసెక్కెం చేసేవారు. అటూ ఇటూ కానివారని భావం. 1973లో మొదలైన న్యూయోరికన్ కవుల కేఫ్ ఆ నిందనే బిరుదుగా ధరించింది.

హార్లెమ్ నది దాటితే బ్రాంక్స్. 1948 తరువాత నిర్మించిన క్రాస్ బ్రాంక్స్ రహదారి ఈ ప్రాంతాన్ని నిలువునా చీల్చింది. 1970లలో వీధులకు వీధులే అగ్నికి ఆహుతయ్యాయి. ఇళ్లు కాలిపోయినా పాట మిగిలింది. 1965లో ఇక్కడ జన్మించిన లూయీ వేగాకు తండ్రి శాక్సఫోను వాద్యకారుడు, మేనమామ ప్రసిద్ధ సల్సా గాయకుడు హెక్టర్ లావో. అక్కలు నాట్యానికి వెళ్లే ‘ప్యారడైజ్ గరాజ్’ మన్‌హాటన్‌లోని కింగ్ వీధిలో ఉండేది. పూర్వం కార్లు నిలిపిన ఆ కట్టడంలో 1977 నుంచి 1987 దాకా ల్యారీ లెవాన్ రికార్డులు వాయించేవాడు. హౌస్ సంగీతానికి పేరిచ్చినది మాత్రం షికాగోలోని ‘వేర్‌హౌస్’ నృత్యశాల. చిత్రమేమంటే, అక్కడ రికార్డులు వాయించిన ఫ్రాంకీ నకుల్స్ కూడా బ్రాంక్స్ బిడ్డే.

వేగా, బ్రూక్లిన్ వాసి కెన్నీ గొంజాలెజ్ ఇద్దరూ రికార్డులు వాయించడమే వృత్తిగా ఎదిగినవారు. పాత రికార్డులోంచి నాలుగు స్వరాలు కత్తిరించి కొత్త లయకు అతికించడం ఆ వృత్తిలో వాడుక. ఆ స్వరాలు పలికించిన మనిషితో పనిలేదు. ‘న్యూయోరికన్ సోల్’ కోసం వారు ఆ మనుషులనే స్టూడియోకు పిలిచారు. డెబ్బై దాటిన ప్వెంటే తన టింబాలెస్ వాద్యంతో వచ్చాడు. పియానోకు ఎడ్డీ పాల్మియేరి, గిటారుకు జార్జ్ బెన్సన్, సోల్ గానానికి జోసెలిన్ బ్రౌన్ వచ్చారు. లోహపు పలకలపై నాదం పలికించే వైబ్రఫోను విద్వాంసుడు రాయ్ ఏయర్స్ తన పూర్వపు కృతినే మళ్లీ వినిపించాడు. 1977 నాటి ‘రనవే’ పాటను బ్రాంక్స్‌లో పెరిగిన ఇండియా అనే గాయని పాడింది. మూల గీతాన్ని వినిపించిన సాల్‌సోల్ ఆర్కెస్ట్రా నాయకుడు విన్సెంట్ మొంటానా ఈ రికార్డులోనూ పాలుపంచుకున్నాడు.

ఈ కలయిక అంత సులభమైనది కాదు. లాటిన్ సంగీతానికి ప్రాణం ‘క్లావే’, అంటే రెండు కర్రలు తాకించి వేసే అయిదు దెబ్బల వరుస. ఒక భాగంలో మూడు, మరో భాగంలో రెండు. తక్కిన వాద్యాలన్నీ ఆ లెక్కకు లోబడవలసిందే. హౌస్‌లో యంత్రపు డోలు నాలుగు దెబ్బలూ సమానంగా కొడుతుంది. రెండింటికీ పొత్తు కుదరకపోతే ఆ తప్పు విమర్శకుని కంటే ముందు నర్తకుని పాదానికి తెలుస్తుంది. ఈ ఆల్బంలో చాలా చోట్ల ఆ పొత్తు కుదిరింది. కొన్ని గీతాల నిడివి కుర్చీలో కూర్చుని వినేవారికి విసుగు పుట్టించవచ్చు. అవి కూర్చునేవారి కోసం చేసినవి కావు.

ప్వెంటే 2000లో, మొంటానా 2013లో మరణించారు. ఏయర్స్, పాల్మియేరి ఇద్దరూ 2025లో కన్నుమూశారు. వీరందరూ ఒకే రికార్డు కోసం వాయించిన ఆ రోజులు ఇంకొన్నేళ్లు వాయిదా పడి ఉంటే, ఆ ఇద్దరు యువకులకు మిగిలేవి కత్తిరించుకునే పాత రికార్డులే.