మా ఇంటికి కొత్త రూపు

మాది హంసలదీవి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో మా తాటాకు గుడిసె కొట్టుకుపోయిందట. ఇప్పుడు మాది శ్లాబు ఇల్లు.

ఈ వేసవిలో నాన్న ముందుగోడకు టైల్స్ వేయించి, రంగులు కొట్టిద్దామన్నాడు. బందరు ఇళ్లలా కనబడాలని నాకూ ఆశే. నాయనమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "పైన సోకు చేస్తే లోపల ఉప్పు పోద్దా? ముందు వసారా శ్లాబు సంగతి చూడరా" అంది. ఆమె మంచం అక్కడే.

ఉప్పుగాలికి శ్లాబులోని ఇనుప చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది. అప్పుడు సిమెంటు పెచ్చులు ఊడతాయి. చెమ్మగోడకు రంగేస్తే పొక్కులు లేస్తాయి. అందుకని ఉన్న డబ్బుతో తాపీమేస్త్రి చేత తుప్పు గీకించి, మళ్లీ సిమెంటు పూయించాం. గోడలకు సున్నమే కొట్టాం.

ఈ వానాకాలం నాయనమ్మ మంచం మీద ఒక్క పెచ్చూ రాలలేదు. మిత్రులారా, మా వీధిలో కొత్త ఫ్యాషన్ ఇల్లు మాదే!