సోమాజిగూడ యిండ్లు: గాలి, నీరు, వన్నె

ఇల్లు చూచి యిల్లాలిని చూడుమని మన పెద్దలు చెప్పుదురు. ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుమనియు వారే చెప్పిరి. మొదటి మాట యింటి యొప్పిదమునకు స్త్రీని బాధ్యురాలిని చేయుచున్నది. రెండవది యిల్లు నిలబెట్టుటలోని కష్టమును తెలుపుచున్నది. ఈ రెండు మాటల నడుమకు నేడు వాస్తుచర్చ వచ్చి కూర్చున్నది. దానికి తోడుగా చీనాదేశపు ఫెంగ్ షుయ్ విద్యయు మన యిండ్లలో ప్రవేశించినది. ఏ దిక్కున ఏ గది యుండవలెను, ఏ గోడకు ఏ రంగు వేయవలెను, వాకిలి కెదురుగా ఏ బొమ్మ నిలుపవలెను అను ప్రశ్నలు పుట్టని గృహము పట్టణములలో అరుదు. ఈ విషయమును ఒక పేటలో నడచి, యిండ్లను చూచి తెలిసికొందమని మేము హైదరాబాదు నగరమందలి సోమాజిగూడకు పోయితిమి.

సోమాజిగూడ పంజగుట్టకును ఖైరతాబాదునకును నడుమ, బేగంపేటకు చేరువగా నున్నది. నిజాము ప్రభుత్వపు రెవిన్యూ శాఖలో ఉద్యోగియైన సోనాజీ యను నాతని పేర ఇది మొదట సోనాజీగూడ యనబడి, క్రమముగా జనుల నోట సోమాజిగూడ యైనదని చెప్పుదురు. ఒకనాడు తోటలును నవాబుల మేడలును గల యీ చోట నేడు ఆసుపత్రులు, నగల దుకాణములు, అంతస్తుల మీద అంతస్తులుగా లేచిన యిండ్లు క్రిక్కిరిసి యున్నవి.

ఈ పేట యునికిని చూడుడు. పడమటి దెస బంజారా కొండల మెరక; తూర్పు దెస పదునారవ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్‌షా పాలనలో త్రవ్వించిన హుస్సేన్‌సాగరము. నైరృతి యెత్తుగాను, ఈశాన్యము పల్లముగాను ఉండవలెనని వాస్తు చెప్పును. వెనుక కొండ, ముందు నీరు ఉండవలెనని ఫెంగ్ షుయ్ చెప్పును. ఇంచుమించుగా ఈ రెండు శాస్త్రములు కోరిన లక్షణములును ఈ పేటకు పుట్టుకతోనే వచ్చినవి. గవర్నరు నివాసమునకును, దాని వెనుక సందులోని ఒంటిగది యద్దెయింటికిని ఆ కొండయే, ఆ చెరువే. అయినను అందరి బ్రతుకులు ఒక్కటిగా లేవు. కావున నేల యునికి యొక్కటే మనుష్యుల సుఖదుఃఖములను నిర్ణయింపజాలదని ఈ పేటయే మనకు చెప్పుచున్నది.

అట్లని ఆ విద్యలలో ఏమియు లేదని త్రోసివేయుటయు తగదు. "ఫెంగ్" అనగా గాలి, "షుయ్" అనగా నీరు. గాలిని, నీటిని గమనించి నివాసమును ఏర్పరచుకొనుమనుటయే ఆ పేరులోని భావము. గుయో పు (276–324) అను పండితుని పేర చెలామణి యగు దాని ప్రాచీన గ్రంథము ఇండ్లను గూర్చినది కాదు, సమాధుల స్థలములను గూర్చినది. పిమ్మటనే అది గృహములకును విస్తరించినది. ఉత్తర చీనాలో శీతకాలమున ఉత్తరపు గాలి యెముకలు కొరుకును. పెకింగు నగరము ఉత్తర అక్షాంశము 40 డిగ్రీల దాపున నున్నది. అచ్చట మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునను దక్షిణమునకే వాలి యుండును. అందుచే వీపు నుత్తరమునకు, మొగము దక్షిణమునకు త్రిప్పి యిల్లు కట్టుకొనుట వారికి వెచ్చదనము, ఆరోగ్యము.

మన హైదరాబాదు 17 డిగ్రీలకు కొంచెము పైన నున్నది. మే నెల 9వ తేదీ ప్రాంతమునను, ఆగస్టు 3వ తేదీ ప్రాంతమునను సూర్యుడు మన నడినెత్తికి వచ్చును; అప్పుడు నిలువు కంబమునకు నీడయే పడదు. ఆ రెండు దినముల నడుమ మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కొంచెము ఉత్తరమునకే వాలి యుండును. చీనావాని చింత వెచ్చదనమును లోపలికి తెచ్చుకొనుట; మన చింత దానిని వెలుపల నిలుపుట. మనకు ఎండకాలపు శత్రువు పడమటి గోడ. కాని జూన్ మొదలు సెప్టెంబరు వరకు వానగాలి వచ్చునదియు ఆ పడమటి దెసనుండియే. శత్రువును మిత్రుడును ఒకే వాకిట వచ్చుచుండగా, తలుపు మూయుటయా తెరచుటయా అను ప్రశ్నకు మన పూర్వులు వసారా, చూరు, వేపచెట్టు అను మూడు సమాధానములు చెప్పిరి. ఎండ ఆగును, గాలి వచ్చును.

ఆ కాలపు హైదరాబాదు భవనములలో ఈ యుపాయము కానవచ్చును: సున్నముతో కట్టిన మందపు రాతిగోడలు, ఎత్తైన పైకప్పులు, లోతైన వరండాలు, ఎదురెదురు కిటికీలు. నేటి గవర్నరు నివాసము మొదట షా మంజిల్ అను పేరు గల మేడ. అదే మార్గమున ఖైరతాబాదు దెసగా బెల్లా విస్టా యను భవనము కలదు. ఇటలీ భాషలో ఆ పేరునకు సుందరదృశ్యమని యర్థము. బీరారు యువరాజు ఆజం జాహ్ ఒకప్పుడు అందు నివసించెను. 1956లో స్థాపింపబడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ నేడు అందున్నది.

రంగు మాట వచ్చినప్పుడు ఈ చేరువ నున్న ఎర్రమంజిల్‌ను తలపక తప్పదు. నవాబు ఫఖ్రుల్ ముల్క్ దీనిని ఒక మెట్టపై కట్టించెను. పారసీక భాషలో "ఇరం" అనగా స్వర్గమువంటి తోట. ఆ మెట్టను తెలుగువారు ఎర్రగుట్ట యని పిలుచుచుండిరట. అందుచే నవాబు తన మేడకు ఎర్రని వన్నె వేయించి, దర్బారువారికి ఇరం మంజిల్‌గాను, చుట్టుపట్ల తెలుగు ప్రజలకు ఎర్రమంజిల్‌గాను ఒకే పేరు చెల్లునట్లు చేసెనని చెప్పుదురు. 2019లో ఆ చోట శాసనసభా భవనము కట్టుటకై దీనిని పడగొట్ట దలచిన మంత్రివర్గ నిర్ణయమును హైకోర్టు కొట్టివేసెను. ఈ మేడ పేరింటి మెట్రోరైలు స్టేషను గల మార్గమునకును ఎర్రమార్గమనియే పేరు పడుట యొక వింత.

ఈ కథలోని నవాబు ఏ రంగు కీడును తొలగించునని అడిగినట్లు లేదు. ఏ రంగు ఈ నేలకు, ఈ జనులకు తెలిసినదో చూచుకొనెను. వన్నెల కర్థము దేశమును బట్టి మారును. చీనావారికి తెలుపు శోకవర్ణము. మనకో, పండుగ ముందు గోడకు పట్టించు సున్నపు తెలుపు శుభము. ఎరుపు వారికి పెండ్లికళ. మనకును కుంకుమగా, గడపపై బొట్టుగా మంగళకరమే. తెలంగాణమున ఇల్లాండ్రు అలికిన యరుగునకు జాజుతో ఎర్రని పట్టెలు తీర్చి, వాని నడుమ సున్నపు గీతలు వేయుదురు. గడపకు పసుపు, తులసికోటకు జాజు, వాకిట ముగ్గు: ఇవి మన వర్ణశాస్త్రము. ఇందు రూపాయల వ్యయము కొద్ది, చేతినేర్పు మెండు.

ఇక నేటి కాపురముల సంగతి. బేగంపేటలో 2016లో ముఖ్యమంత్రికి క్రొత్త నివాసము కట్టినప్పుడును, 2020లో పాత సచివాలయమును పడగొట్టినప్పుడును వాస్తుచర్చ పత్రికలలో విరివిగా సాగెను. రాజ్యమేలు వారు కూల్చి కట్టగలరు. నాలుగవ యంతస్తున రెండు గదుల వాటా గల గృహిణి యేమి చేయవలెను?

సోమాజిగూడ లోపలి సందులో అట్టి వాటా నొకదానిని మేము చూచితిమి. వంటయిల్లు మొదట పడమటి వైపున, పెద్ద కిటికీతో నుండెడిది. ఇంటాయనకు పని పోయెను. ఎవరో వచ్చి చూచి, వంట ఆగ్నేయమున లేకుండుటచే కీడు కలిగినదనిరి. గాజులు కుదువబెట్టి, అప్పు తెచ్చి, పొయ్యిని ఆగ్నేయమునకు మార్చిరి. ఆ మూలకు ప్రక్క వాటా గోడ అడ్డము, గవాక్షమైనను లేదు. దిక్కు దొరకెను, గాలి పోయెను. తాలింపు ఘాటు బయటికి పోక ఇల్లంతయు తిరుగుచుండెను. ఆ యింటి కోడలు దగ్గుచునే మాకు టీ కాచి యిచ్చినది.

ఇంత వ్యయమేల చేసితిరని మేము మెల్లగా నడిగితిమి. ఆమె తలవంచుకొని యిట్లనినది: "వాస్తు చూచినాయన దోషము గోడలో నున్నదన్నాడు. ఆ మాటకు నేను ఋణపడి యున్నాను. అంతకు ముందు దోషము నా కాలిలో నున్నదనెడివారు."

ఈ మాట విని మేము చాల సేపు మాటాడలేకపోతిమి. వాస్తువును హేళన చేయువారును, దానినే నమ్మి గోడలు పగులగొట్టువారును ఈ మాటను ఆలకింపవలెను. ఇంటికి కష్టము వచ్చినప్పుడు క్రొత్తగా వచ్చిన కోడలి పాదమును నిందించు నాచారము మనలో ఇంకను చావలేదు. ఆ నింద ఆమెపై నుండి గోడమీదికి పోయినందుకు ఆమె సంతోషించినది. కాని దోషము కోడలి కాలిలోను లేదు, గోడలోను లేదు; పని పోవుటలో నున్నది. దానికి మందు మరియొక పని. గాజుల తాకట్టు కాదు.

ఆగ్నేయపు వంట నియమము ఏల పుట్టినదో తలంచి చూచినచో ఈ చిక్కు విడును. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుని బృహత్సంహితలో గృహనిర్మాణమును గూర్చి యొక యధ్యాయము కలదు. ఈ విచారము మనకు అంత పాతది. నలుప్రక్కల ఖాళీ గల యింట తూర్పు మూల పొయ్యికి ఉదయపు వెలుతురు వచ్చును. వీచు పడమటి గాలి పొగను ఇంటిమీదికి రానీయక వెలికి కొనిపోవును. నియమము యొక్క ప్రాణము వెలుతురు, గాలి. ప్రాణము పోయిన పిదప దిక్కును పట్టుకొని వ్రేలాడుట యేల? బజారులో కొన్న మూడుకాళ్ల కప్పయు, నవ్వు బుద్ధుడును ముచ్చటకు నుండవచ్చును. అవి కిటికీకి బదులు కాజాలవు.

గోడ కదల్పకయే గృహిణి చేయగల పనులు పెక్కు కలవు. తెల్లని వన్నె ఎండను త్రిప్పికొట్టును. ముదురు వన్నె దానిని త్రాగి, రాత్రి యింటిలోనికి విడుచును. కావున పై యంతస్తు వారు డాబాకు తెల్లసున్నము గాని, ఎండను మరల్చు తెల్లపూత గాని వేయించుట మేలు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించి, 600 చదరపు గజములును అంతకు మించియు గల స్థలములలోని నివాసములకు దీనిని విధిగా నిర్ణయించెను. చిన్న యిండ్లవారికి ఇది ఐచ్ఛికము. పడమటి గోడకు వెలుపల లేతవన్నె, లోపల లేత యాకుపచ్చయో, నీలిమందు కలిపిన సున్నమో కన్నులకు చల్లగా నుండును. వెలుతురు తక్కువైన గదికి మీగడ వన్నె వేసిన పగలు దీపము పెట్టు పని తగ్గును. ఎరుపు, నారింజ వన్నెలను గోడ నిండ పూయక, తెరలకు, దిండ్లకు, గడపకు ఉంచుకొనుడు. నేలకు తాండూరు బండ చల్లదనము నిచ్చును.

పసిపిల్లలున్న యింట రంగు డబ్బాపై వ్రాసినది చదువక కొనరాదు. రంగులోని సీసము బిడ్డల మెదడునకు హాని చేయును. 2017 నవంబరు నుండి ఇంటిరంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లను మించరాదని మన దేశమున నిబంధన అమలులో నున్నది. పాత పెచ్చులు గీకునప్పుడు ఆ దుమ్ము పిల్లలకు సోకకుండ జాగ్రత్త పడవలెను. శుభవర్ణమేదని యడుగుటకు ముందు, హాని చేయని వర్ణమేదని యడుగుడు.

గాలి, వన్నెల మాట యైనది; నీటి మాట మిగిలినది. ఈ పేటలో గట్టి వాన కురిసినచో రాజభవన మార్గమున నీరు నిలుచుట నగరవాసు లెరిగినదే. కొండల మీది నీరు నాలాలలో పడి హుస్సేన్‌సాగరమునకు చేరవలెను. ఆ నాలాలను మనము చెత్తతో పూడ్చి, మురుగుతో నింపి, తూర్పున నున్న శుభజలమును దుర్గంధజలముగా చేసితిమి. ఇంటిలో గాజుగిన్నెలో నీరు పోసి పూలు తేల్చుట అందమే. వీధి కాలువలో చెత్త వేయకుండుట అంతకంటె గొప్ప జలశాంతి. ఇది ఒక్క యిల్లాలి చేత నగునది కాదు; సందులోని యిల్లాండ్రందరును కలిసి చేయవలసినది.

సోదరీమణులారా, ఇంటిని గూర్చి యెవరే నియమము చెప్పినను ఒక ప్రశ్న యడుగుడు: పొయ్యి ముందు నిలుచున్న ఆమెకు దీనివలన ఊపిరి సుకరమగునా, దుష్కరమగునా? సుకరమగునేని అది చీనావారిదైనను గ్రహింపుడు. దుష్కరమగునేని అది మన తాతలదైనను దాని ప్రాణమెచ్చట నున్నదో వెదకి, అంతవరకే గ్రహింపుడు. మేము చూచిన యింటివారు పూర్వపు పడమటి కిటికీని మరల తెరచి, పొయ్యిని దాని దాపునకు చేర్చుటకు సమ్మతించిరి. అత్తగారు తానే జాజు తెప్పించి గడపకు పట్టెలు తీర్చుదుననినది. గాజులు ఇంకను తాకట్టులోనే యున్నవి.