తేదీ మీద మోపిన బరువు

దినపత్రికల్లో "చరిత్రలో ఈ రోజు" అనే శీర్షిక కనబడితే వదలకుండా చదవడం నాకు చిరకాలపు అలవాటు. ఒక రాజుగారి పట్టాభిషేకం, ఒక రైలు ప్రమాదం, ఒక గాయని జననం, ఒక వంతెన ప్రారంభోత్సవం... వీటి మధ్య తేదీ తప్ప మరే చుట్టరికమూ ఉండదు. బస్టాండులో ఒకే బల్ల మీద కూర్చున్న అపరిచితుల వంటివవి. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. ఏడాదికి ఉన్నవి ఎంత లెక్కించినా 366 గడులే; లోకంలో జరిగినవి అసంఖ్యాకం. ఏ గడిలోకి తొంగిచూసినా జనసమ్మర్దం తప్పదు.

అయినా ఎక్కడో ఒక గడి దగ్గర ఆగిపోతాం. నేనలా ఆగిపోయినది నవంబరు 9 దగ్గర. జర్మనీ చరిత్రలో ఈ తేదీ ఎన్నిసార్లు తలుపు తట్టిందో చూస్తే, అక్కడివారు దీనికి పెట్టుకున్న పేరు వింతగా తోచదు. "షిక్జాల్స్‌టాగ్" అంటారు. అంటే విధి దినం. ఆ "విధి" అన్న మాటతోనే నాకు పేచీ. అది చెప్పడానికి ముందు జరిగినవి వరుసగా చెప్పుకోవాలి.

1848 ఐరోపాలో విప్లవాల సంవత్సరం. ఆ ఏడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొలువుదీరిన జర్మన్ జాతీయ సభలో రోబెర్ట్ బ్లూమ్ ఒక సభ్యుడు. తిరుగుబాటు చేస్తున్న వియన్నా ప్రజలకు సంఘీభావం తెలపడానికి వెళ్ళి, వారి పక్షాన నిలిచి, నగరం ఓడిపోయాక పట్టుబడ్డాడు. సభ్యులకు చట్టం ఇచ్చిన రక్షణ అతనికి అక్కరకు రాలేదు. నవంబరు 9 ఉదయం ఆస్ట్రియా సైనికులు అతణ్ణి కాల్చి చంపారు.

1918లో అదే తేదీన, మొదటి ప్రపంచయుద్ధంలో ఓటమి ఖాయమైన వేళ, చక్రవర్తి రెండవ విల్హెల్మ్ సింహాసనం వదులుకున్నాడని ప్రధాని మాక్స్ ఫన్ బాడెన్ ప్రకటించాడు. చక్రవర్తి సమ్మతి రాకమునుపే ప్రకటించాడు. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఫిలిప్ షైడమన్ పార్లమెంటు భవనపు కిటికీ దగ్గర నిలబడి జర్మనీ ఇక రిపబ్లిక్ అన్నాడు. మరో రెండు గంటలకు, రాజప్రాసాదం దగ్గర, కార్ల్ లీబ్‌నెక్ట్ జర్మనీ ఇక స్వేచ్ఛా సోషలిస్టు రిపబ్లిక్ అన్నాడు. ఒకే నగరంలో, ఒకే మధ్యాహ్నం, రెండు రిపబ్లిక్కులు పుట్టాయి.

1923లో మ్యూనిక్ నగరంలో హిట్లర్ అధికారం గుంజుకోబోయాడు. 8వ తేదీ రాత్రి ఒక బీరుశాలలో జరుగుతున్న సభ మీద పడి, మరునాడు 9న అనుచరులతో ఊరేగింపుగా కదిలాడు. పోలీసులు అడ్డుకున్నారు. కాల్పులు జరిగాయి. నలుగురు పోలీసులు, హిట్లర్ పక్షంవారు 15 మంది, ఏ పాపమూ ఎరుగని దారినపోయే మనిషి ఒకడు చనిపోయారు. తరువాతి కాలంలో నాజీలు ఆ దారినపోయే మనిషిని కూడా తమ అమరుల పట్టికలో కలుపుకొని 16 మంది అన్నారు. హిట్లర్‌కు అయిదేళ్ళ శిక్ష పడింది. 1924 డిసెంబరు కల్లా బయటికి వచ్చాడు.

1938 నవంబరు 9 రాత్రి జర్మనీలోనూ అప్పటికి అందులో కలిసిపోయిన ఆస్ట్రియాలోనూ యూదుల మీద దాడులు జరిగాయి. 1,400కు పైగా ప్రార్థనా మందిరాలు ధ్వంసమయ్యాయి. వేలాది దుకాణాల అద్దాలు వీధుల్లో రాలాయి. నాజీలే 91 మంది చనిపోయారని లెక్క చెప్పారు. నిజమైన లెక్క అంతకు చాలా ఎక్కువ. సుమారు 30,000 మంది యూదు పురుషులను నిర్బంధ శిబిరాలకు తరలించారు. ఆపైన నష్టపోయిన యూదుల మీదనే 100 కోట్ల మార్కుల జరిమానా విధించారు.

ఇక 1989. బెర్లిన్ గోడ పడిన రాత్రి. ఆ సాయంత్రం తూర్పు జర్మనీ పాలకపక్ష ప్రతినిధి గుంటర్ షబోవ్‌స్కీ విలేకరుల ముందు ప్రయాణాలకు సంబంధించిన కొత్త నిబంధనలున్న కాగితం చదివాడు. ఎప్పటినుంచి అమలు అని అడిగారు. కాగితాలు అటూ ఇటూ తిప్పి, తనకు తెలిసినంతలో వెంటనే, ఆలస్యం లేకుండా అన్నాడు. జనం గోడ దగ్గరికి వెల్లువెత్తారు. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో బోర్న్‌హోల్మర్ వీధి ద్వారం దగ్గర అధికారి హారాల్డ్ యేగర్, పైనుంచి ఏ స్పష్టమైన ఆజ్ఞా లేకుండానే, అడ్డుగడ ఎత్తించాడు.

ఇన్ని ఒక్క తేదీన జరిగాయి. విధి అనాలనిపించడం సహజమే. కాని దగ్గరికి వెళ్ళి చూస్తే ఈ పూసలన్నీ ఒకే దారాన గుచ్చినవి కావు.

1989 సంగతి తీసుకుందాం. షబోవ్‌స్కీ చేతిలోని వార్త మరునాడు, అంటే 10వ తేదీ తెల్లవారుజామున నాలుగు గంటల తరువాతే వెలువడాలని నిర్ణయం. ఆ నిర్ణయం జరిగిన చర్చలో అతను లేడు. గడువు సంగతి తెలిసి ఉంటే గోడ 10న తెరుచుకునేది. అప్పుడీ పట్టికలో అతి సంతోషకరమైన పంక్తే ఉండేది కాదు. విధి అంటున్నది ఒక మనిషి ఒక కాగితాన్ని సరిగ్గా చూసుకోకపోవడం మాత్రమే!

1938 సంగతి అలా కాదు. అది యాదృచ్ఛికం కాదు, విధి అంతకన్నా కాదు. 1933లో అధికారానికి వచ్చాక నాజీలు ఏటేటా నవంబరు 8, 9 తేదీల్లో 1923నాటి తమ చావులను స్మరించుకునేవారు. పాత వీధుల్లోనే మళ్ళీ నడిచేవారు. 1938లోనూ పెద్దలందరూ ఆ సంస్మరణ కోసం మ్యూనిక్‌లో కూడి విందులో ఉన్నారు. రెండు రోజుల ముందు, జర్మనీ నుంచి తల్లిదండ్రులను పోలండు సరిహద్దుకు వెళ్ళగొట్టారన్న ఆక్రోశంతో, హెర్షెల్ గ్రిన్‌స్పాన్ అనే 17 ఏళ్ళ కుర్రవాడు పారిస్‌లో ఎర్న్‌స్ట్ ఫోమ్ రాట్ అనే జర్మన్ దౌత్యోద్యోగిని కాల్చాడు. అతను 9న చనిపోయాడన్న వార్త ఆ విందుకు చేరింది. గోబెల్స్ లేచి మాట్లాడాడు. విన్నవారు టెలిఫోన్ల దగ్గరికి వెళ్ళి తమ తమ ఊళ్ళలోని అనుచరులకు పని అప్పజెప్పారు. ఆ రాత్రి వారంతా ఒక్కచోట ఉండడానికి కారణం తద్దినం. వారు పెట్టుకున్న తద్దినమే!

స్మరణలోని ఆ క్రమబద్ధతను ఇంకొకాయన కూడా గమనించాడు. గేయోర్గ్ ఎల్జర్ అనే వడ్రంగి. ఏటా 8వ తేదీ రాత్రి హిట్లర్ ఆ బీరుశాలలో ప్రసంగించడం తప్పదని లెక్కవేసి, వేదిక వెనుక స్తంభాన్ని రాత్రిళ్ళు తొలిచి అందులో బాంబు అమర్చాడు. 1939లో అది అనుకున్న వేళకే పేలింది. హిట్లర్ ఆ ఏడు మాత్రం త్వరగా ముగించి 13 నిమిషాల ముందే వెళ్ళిపోయాడు. ఎనిమిది మంది చనిపోయారు. ఎల్జర్‌ను 1945 ఏప్రిల్ 9న దాహౌ శిబిరంలో చంపారు.

ఇదీ నా పేచీ. విధి దినం అన్నప్పుడు 1938నాటి దోషం తేదీ మీదికి జారిపోతుంది. తేదీకి చేతులు లేవు. దాన్ని పట్టుకొని ఏటేటా ఒకచోట చేరే మనుషులకు ఉన్నాయి. ఏం తలుచుకోవడానికి చేరుతున్నాం, తలుచుకున్నాక లేచి ఏం చేస్తాం అన్నదే లెక్క.

1990లో రెండు జర్మనీలు ఒకటవుతున్నప్పుడు జాతీయ దినంగా ఏ తేదీ ఉండాలన్న ప్రశ్న వచ్చింది. గోడ తెరుచుకున్న నవంబరు 9 ఉండనే ఉంది. కాని యూదుల ఇళ్ళు తగలబడిన రాత్రిన దీపావళి చేసుకోవడం ఎలా? చివరికి అక్టోబరు 3 నిలిచింది. అది చరిత్రలో ముందునుంచీ బరువున్న తేదీ కాదు. కలయిక చట్టబద్ధంగా జరిగిన రోజు. తూర్పు జర్మనీ పార్లమెంటు ఆగస్టు 23 తెల్లవారకముందే ఓటువేసి దాన్ని ఎంచుకుంది. అక్టోబరు 7 రాకమునుపే పని పూర్తిచేయాలన్న తొందర కూడా అందులో ఉంది. ఆ రోజు వస్తే తూర్పు జర్మనీకి 41 ఏళ్ళు నిండి, మరో వార్షికోత్సవం జరపవలసి వచ్చేది.

దుఃఖం ఉన్న రోజు నుంచి సంతోషాన్ని ఖాళీ రోజుకి తరలించడం వివేకమే. కాదనను. కాని ఖాళీ రోజు దొరకడం ఎంత కష్టమో మా ఇంటి అనుభవం నాకు చెప్పింది.

నాన్నగారు 1998 ఆగస్టు 15న తెల్లవారుజామున పోయారు. వీధి చివర బడిలో జెండా ఎగరేసి పిల్లలు పాడుతున్న పాట వినబడుతూనే ఉంది. మనకు ఒక వెసులుబాటు ఉంది కదా, తద్దినం తేదీని బట్టి పెట్టం, తిథిని బట్టి పెడతాం. జెండా పండుగ జెండా పండుగే, మన దుఃఖం మనదే అని పెద్దలు అన్నారు. తీరా చూస్తే ఆ తిథి శ్రావణ బహుళ అష్టమి. కృష్ణాష్టమి! ఇటు తప్పించుకుంటే అటు పండుగ.

మరుసటి ఏడు అధికమాసం వచ్చి తిథి సెప్టెంబరులోకి జరిగింది. అప్పటినుంచి మా ఇంట్లో ఆయనకు రెండు రోజులు. ఆగస్టు 15న ఎవరూ ఏమీ అనరు, అందరికీ తెలుసు. అష్టమినాడు భోక్తలు వస్తారు. చంద్రుడి లెక్క, సూర్యుడి లెక్క 19 ఏళ్ళకొకసారి మళ్ళీ దాదాపు ఒకచోటికి వస్తాయంటారు. 2017లో వచ్చాయి. ఆగస్టు 15, కృష్ణాష్టమి, తద్దినం అన్నీ ఆ ఒక్క మంగళవారం మీదనే పడ్డాయి.

తద్దినం నాడు వాకిట ముగ్గు వేయరు. అమ్మ వేయలేదు. మా అన్నయ్య కొడుకును మాత్రం ఉదయమే బడికి పంపింది. "తాతగారి పని ఉంది కదా, మానేయనా నాన్నమ్మా?" అని వాడు అడిగితే, "జెండాకి మీ తాతేం అడ్డంరా? వెళ్ళిరా, భోజనాల వేళకి వచ్చెయ్" అంది. వాడు చొక్కాకి చిన్న జెండా గుచ్చుకొని తిరిగివచ్చి, అలాగే పిండాలకు దండం పెట్టాడు. భోక్తలు వెళ్ళిపోయాక, సాయంత్రం, అమ్మ గడప దగ్గరినుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో చిన్నికృష్ణుడి పాదాలు వేసింది. అటుకులు, బెల్లం నైవేద్యం పెట్టింది. ఏ ఒక్కదాన్నీ ఇంకొకదాని కోసం తగ్గించలేదు. వేళలు పంచింది, అంతే.

తద్దినం అన్న మాటకు అర్థం "ఆ దినం" అని. తత్ దినం. వాడుకలో అది మొక్కుబడికి మారుపేరైపోయింది గాని, మాటలో చావు లేదు, ఏడుపు లేదు, పండుగా లేదు. ఆ దినం అని వేలు చూపించడం మాత్రమే ఉంది. అందులో ఏం నింపాలన్నది బతికున్నవారి పని.

జర్మనీలో కూడా మనుషులు చేస్తున్నది చివరికి ఇదేనేమో అనిపిస్తుంది. సెలవు అక్టోబరు 3కి వెళ్ళింది గాని నవంబరు 9 ఎక్కడికీ పోలేదు. నాజీల కాలంలో ఇళ్ళనుంచి తరలించబడినవారి పేర్లను చిన్న ఇత్తడి పలకల మీద చెక్కి, వారు చివరిగా నివసించిన ఇళ్ళ ముందు కాలిబాటలో పొదిగే పని గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990లలో మొదలుపెట్టాడు. నవంబరు 9న చాలా ఊళ్ళలో ఇరుగుపొరుగువారు మోకాళ్ళ మీద కూర్చొని ఆ పలకలను తోమి మెరిపిస్తారు, పక్కన కొవ్వొత్తి పెడతారు. 2014లో, గోడ తెరుచుకొని 25 ఏళ్ళయిన సందర్భంగా, బెర్లిన్‌లో గోడ ఉన్న దారివెంట 15 కిలోమీటర్ల మేర వేలాది వెలుగు బుడగలు నిలిపి, ఆ రాత్రే ఆకాశంలోకి వదిలారు.

మీకూ మీ ఇంట అలాంటి తేదీ ఒకటి ఉండే ఉంటుంది, పుట్టినరోజో పోయినరోజో ఒకదాని మీద ఒకటి పడినది. దాన్ని ఖాళీ చేయబోకండి. బెర్నావర్ వీధిలో మిగిలి ఉన్న గోడ పగుళ్ళలో నవంబరు 9న జనం గులాబీలు గుచ్చుతారు. ఆ గులాబీ గుచ్చిన చేతికి, ఇంటికి వెళ్ళే దారిలో ఇత్తడి పలక తోమడానికి కూడా వేళ ఉంటుంది.