దుందుభి వెంట చైనా బాట

దుందుభి నది పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉత్తర భాగంలో, షాద్‌నగర్, బాలానగర్ చుట్టుపట్ల మెట్టల మీది వాగులు కలిసి ఏర్పడుతుంది. జడ్చర్ల, కల్వకుర్తి ప్రాంతాలు దాటి, వంగూరు, ఉప్పునుంతల మండలాల గుండా డిండి జలాశయం చేరుతుంది. అక్కడినుంచి దేవరకొండకు దక్షిణంగా సాగి, నల్లమల అంచుల్లో కృష్ణలో కలుస్తుంది. కింది భాగంలో దాన్ని డిండి అనే పిలుస్తారు. వానాకాలం దాటితే ఇసుకే కనిపించే నది అది. అయితే 1948 నుంచి 1951 దాకా దాని దిగువ ప్రాంతం, పక్కనున్న అడవి ఒక పెద్ద ప్రశ్నకు పరీక్షా స్థలమయ్యాయి. చైనాలో మావో నడిపిన దీర్ఘకాలిక రైతాంగ యుద్ధం తెలుగు నేల మీద నడుస్తుందా అన్నదే ఆ ప్రశ్న.

నది పుట్టేచోట నేల ఎర్ర చల్క. జొన్న, ఆముదం, వేరుశనగ పండే మెట్ట. కుంటలు, చెరువులు నిండితేనే వరి. నిజాం పాలనలో ఇలాంటి నేల మీద బతుకు బరువంతా రైతు మీదే పడింది. రాజ్యంలో దాదాపు 60 శాతం భూమి దివానీ, అంటే సర్కారుకు నేరుగా శిస్తు కట్టేది. 10 శాతం నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్. మిగిలింది జాగీర్లు, సంస్థానాలు. గద్వాల, వనపర్తి, కొల్లాపురం రాజధానిగా ఉన్న జటప్రోలు, ఆత్మకూరు, గోపాలపేట సంస్థానాలు పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోనే ఉన్నాయి. దివానీ ఊళ్లలో కూడా దేశ్‌ముఖ్‌లు, పటేల్ పట్వారీలు చెప్పిందే చట్టం. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ కుటుంబాలు వంతులవారీగా దొర గడీకి, వచ్చిపోయే అధికారులకు వెట్టి చేయాల్సి వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లెవీ ధాన్యం వసూలు దీనికి తోడయింది.

ఈ ఎగువ ప్రాంతం నుంచే బూర్గుల రామకృష్ణారావు వచ్చారు. షాద్‌నగర్ దగ్గరి బూర్గుల ఆయన ఇంటి ఊరు. 1899లో పుట్టింది మాత్రం కల్వకుర్తి తాలూకా పడకల్‌లో. గద్వాల ప్రాంతం వాడైన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. 1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజామాంధ్ర మహాసభకు అధ్యక్షుడు ఆయనే. మరుసటి ఏడు దేవరకొండలో జరిగిన రెండో సభకు బూర్గుల అధ్యక్షత వహించారు. గ్రంథాలయాలు, తెలుగు బడులు, వెట్టి నిషేధం కోసం అర్జీలు ఆ తరం పని. వాళ్ల మాట వినే చెవి నిజాం కొలువులో ఉంటే తర్వాతి కథ వేరుగా ఉండేది.

అదే కాలంలో చైనా మరో దారి పట్టింది. 1919 మే 4న బీజింగ్ విద్యార్థులు వర్సాయ్ ఒప్పందానికి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు. షాన్‌డాంగ్‌లో జర్మనీకి ఉన్న హక్కులను చైనాకు తిరిగివ్వకుండా జపాన్‌కు కట్టబెట్టడం వాళ్ల ఆగ్రహానికి కారణం. రెండేళ్లకు, 1921 జులైలో, షాంఘైలో కమ్యూనిస్టు పార్టీ పుట్టింది. మొదట అది పట్టణ కార్మికుల పార్టీ. సోవియట్ సలహాతో చైనా జాతీయవాద పార్టీ కువోమింటాంగ్‌తో చేతులు కలిపింది. 1927 ఏప్రిల్ 12న చియాంగ్ కై షేక్ షాంఘైలో కమ్యూనిస్టులను, కార్మిక నాయకులను ఊచకోత కోయించడంతో ఆ పొత్తు తెగిపోయింది. అంతకు కొద్ది నెలల ముందే మావో హునాన్‌లో 5 కౌంటీలు, 32 రోజులు తిరిగి రైతు ఉద్యమంపై నివేదిక రాశాడు. విప్లవానికి ప్రధాన బలం పల్లెలోని పేద రైతేనని అందులో వాదించాడు. పట్టణం నుంచి పల్లెకు జరిగిన ఈ మలుపులోనే చైనా విప్లవం అసలు రూపం దాల్చింది. పట్టణ కార్మికవర్గం కొద్దిగా, పల్లె దొరతనం దండిగా ఉన్న హైదరాబాద్ రాజ్యంలో ఆ మాట ఎక్కువ మందికి తాకడానికి కారణం ఇదే.

కల్వకుర్తి దాటేసరికి నది రెండు రకాల ప్రాంతాల మధ్య ప్రవహిస్తుంది. తూర్పున నల్లగొండ. 1944లో భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక, జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. పల్లెల్లో సంఘాలు వెలిశాయి. కర్ర పట్టినవాళ్లను జనం గుత్పలోళ్లు అన్నారు. 1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకి గుండుకు బలయ్యాక నల్లగొండ, వరంగల్ పల్లెలు లేచాయి. పడమరన, దక్షిణాన ఉన్న పాలమూరు తాలూకాల్లో నిజాం వ్యతిరేకత ప్రధానంగా కాంగ్రెస్, ఆర్యసమాజాల ద్వారా వ్యక్తమైంది. 1947 అక్టోబరు 7న ఆత్మకూరు ప్రాంతంలోని అప్పంపల్లిలో పోలీసు కాల్పులకు 11 మంది ప్రాణాలు కోల్పోయారు. దుందుభి పల్లెలు ఈ రెండు ప్రవాహాల మధ్య మిగిలాయి. ఇక్కడ దొరతనం తక్కువై కాదు. కమ్యూనిస్టు కార్యకర్తల రాకపోకలు కృష్ణా జిల్లా, మునగాల వైపు నుంచి నల్లగొండకు సులువుగా సాగాయి గాని పాలమూరుకు అంత తేలిగ్గా సాగలేదు.

ఉప్పునుంతల దగ్గర నేల స్వభావం మారుతుంది. ఉత్తరాన బయలు, దక్షిణాన అచ్చంపేట మీదుగా అమ్రాబాద్ పీఠభూమి, దాని వెనక కృష్ణ లోయ. మైదానం నుంచి అడవికి పోవాలంటే ఈ ప్రాంతం దాటక తప్పదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. నిజాం పక్షాన ఊళ్ల మీద పడ్డ సాయుధ రజాకార్ల పీడ పోయింది. దొరలు మాత్రం ఖద్దరు టోపీలు పెట్టుకుని సైన్యం వెంట ఊళ్లకు తిరిగివచ్చారు. సంఘం పంచిన భూములను గుంజుకోవడం మొదలైంది. ఆయుధాలు దించకూడదని కమ్యూనిస్టు పార్టీ నిర్ణయించడానికి ఈ భూమి రక్షణే ముఖ్య కారణం. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం, ఉద్యమం ఉచ్ఛస్థితిలో సుమారు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంపిణీ అయ్యాయి. నాయకుల్లో అందరూ పోరు కొనసాగింపును ఒప్పుకోలేదు. సెప్టెంబరు తర్వాత దాన్ని విరమించాల్సిందని రావి నారాయణరెడ్డి వాదించారు.

సైన్యం మైదానాల్లో గాలింపు పెంచాక పార్టీ గెరిల్లా దళాలు రెండు వైపులా జరిగాయి. ఉత్తరాన గోదావరి అడవులు, దక్షిణాన నల్లమల. ఈ కదలికకు సిద్ధాంతం అప్పటికే తయారుగా ఉంది. 1948లో పార్టీ ఆంధ్ర కమిటీ కేంద్ర నాయకత్వానికి పంపిన పత్రం మావో ‘నూతన ప్రజాస్వామ్యం’ భావనను ఆధారం చేసుకుంది. భారత విప్లవం రష్యా కంటే చైనాకు దగ్గరని, మధ్యతరగతి రైతును, వీలైనచోట ధనిక రైతును కూడా కలుపుకోవాలని, యుద్ధం పల్లెల్లో దీర్ఘకాలం సాగుతుందని ఆ పత్రం చెప్పింది. మావో పేరు ప్రపంచ కమ్యూనిస్టు ఉద్యమంలో ఇంకా పూర్తిగా ఆమోదం పొందని రోజులవి. చైనాలో పార్టీ గెలవడానికి ఏడాది ముందే తెలుగు కమ్యూనిస్టులు ఆ దారిని గుర్తించడం మామూలు సంగతి కాదు. అప్పటి ప్రధాన కార్యదర్శి బి.టి. రణదివే పట్టణ తిరుగుబాటు పంథాను నమ్మాడు. 1949లో ఆయన మావోను బహిరంగంగా తప్పుపట్టాడు. 1949 అక్టోబరు 1న బీజింగ్‌లో ప్రజా గణతంత్రం ప్రకటించాక, 1950 జనవరిలో కమ్యూనిస్టు పార్టీల ఉమ్మడి పత్రిక చైనా దారిని సమర్థించాక, పరిస్థితి తలకిందులైంది. రణదివే దిగిపోయాడు. ఆంధ్ర పత్రం వెనక ఉన్న చండ్ర రాజేశ్వరరావు 1950 మధ్యలో ప్రధాన కార్యదర్శి అయ్యారు.

నల్లమలను మావో మొదటి స్థావరమైన జింగ్‌గాంగ్‌షాన్‌తో పోల్చాలని ఎవరికైనా అనిపిస్తుంది. అది హునాన్, జియాంగ్సీ రాష్ట్రాల సరిహద్దు కొండ. మావో 1927 అక్టోబరులో అక్కడికి చేరాడు. అలాంటి ఎర్ర స్థావరాలు చైనాలో ఎందుకు నిలబడుతున్నాయో 1928లో వివరిస్తూ, యుద్ధ ప్రభువులు ఒకరితో ఒకరు కొట్టుకోవడం, పాలకుల బలం ఒక్కటిగా లేకపోవడం ప్రధాన కారణమన్నాడు. 1948 సెప్టెంబరుకు ముందు తెలంగాణకు కూడా అలాంటి సరిహద్దు ఉండేది. నిజాం పోలీసు తరిమితే కార్యకర్తలు కృష్ణ దాటి మద్రాసు రాష్ట్రంలోకి పోయేవారు. అక్కడ కూడా దాడులు పెరిగాక ఆ సదుపాయం కుంచించుకుపోయింది. సెప్టెంబరు 17 తర్వాత పూర్తిగా పోయింది. కృష్ణకు రెండు ఒడ్డుల మీదా ఒకే ప్రభుత్వం, ఒకే సైన్యం. చైనా దారికి తెలంగాణ ఎంత దగ్గరగా ఉందని పార్టీ అనుకుందో, సరిగ్గా ఆ నెలలోనే ఆ దగ్గరితనానికి ఆధారమైన సరిహద్దు మాయమైంది. ఈ సంగతికి చర్చల్లో దక్కాల్సినంత చోటు దక్కలేదు.

అడవి ఇచ్చే ఆశ్రయానికి కూడా హద్దులున్నాయి. జింగ్‌గాంగ్‌షాన్‌లో తిండి, ఉప్పు కరువై 1929 జనవరిలో మావో దాన్ని విడిచి దక్షిణ జియాంగ్సీకి పోయాడు. అమ్రాబాద్ పీఠభూమి అంతకంటే పలచనైన నేల. 1940లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ అక్కడ ఉండి అధ్యయనం చేసిన చెంచులు దుంపలు, తేనె, ఇప్పపువ్వు, వేటతో బతికేవారు. పెంటలనే చిన్న గూడేల్లో చెదిరి ఉండేవారు. వాళ్లు దళాలకు దారి చూపగలరు గాని ఒక సేనను పోషించలేరు. తిండి కోసం దళం మైదానానికి దిగక తప్పదు. మైదానంలో సైన్యం ఉంది.

డిండి జలాశయం ఈ మైదానం మీద ప్రభుత్వ పట్టుకు గుర్తు. గుండ్లపల్లి దగ్గర నిజాం ప్రభుత్వం 1940ల తొలి భాగంలో కట్టిన ఆనకట్ట అది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే దారి డిండి మీదుగా మన్ననూరు చేరి అడవిలోకి పోతుంది. గెరిల్లాకు అడవి ఎంత అవసరమో సైన్యానికి దారి అంత అవసరం. ఇక్కడ దారి ముందే ఉంది. గోదావరి అడవుల్లో సైన్యం కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని కాపలా ఉన్న శిబిరాలకు చేర్చింది. దళాలకు ఊరి నుంచి అన్నం అందకుండా చేయడమే దాని ఉద్దేశం. ఎంతో మంది కోయలు ఆ శిబిరాల్లో రోగాలతో పోయారు. ఈ దుఃఖం తెలంగాణ చరిత్ర పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలతో ముగియడం అన్యాయం. సుందరయ్య లెక్కలో 4,000 మంది కార్యకర్తలు, రైతులు ప్రాణాలిచ్చారు. జైలుకు పోయినవాళ్లు 10,000 పైనే.

దేవరకొండ ప్రాంతంలో నది చివరి మలుపు తిరుగుతుంది. ఇక్కడి దళాలు అడవిలో ఉండగానే వాటి భవిష్యత్తు మాస్కోలో తేలింది. 1951 తొలి నెలల్లో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోష్, ఎస్.ఎ. డాంగే రహస్యంగా వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. తర్వాత పార్టీ రూపొందించిన పత్రాల్లో చైనాకు, భారతదేశానికి ఉన్న తేడాలు స్పష్టంగా వచ్చాయి. 1927లో పొత్తు తెగేనాటికే చైనా పార్టీ వెంట సొంత సైనిక దళాలున్నాయి. చైనాలో రైళ్లు, రోడ్లు తక్కువ. చివరికి మంచూరియా చేరాక దానికి వెనక సోవియట్ యూనియన్ అండగా నిలిచింది. భారతదేశంలో ఈ మూడు పరిస్థితులూ లేవు. చైనా ఎర్రసేనకు కూడా ఆ అండ దొరికేదాకా ఎంత ఖర్చయిందో 1934–35 లాంగ్ మార్చ్ చెబుతుంది. జియాంగ్సీలో బయలుదేరిన 86,000 మందిలో షియాంగ్ నది దాటేటప్పుడే సగానికి పైగా పోయారు. షాన్‌షీ చేరింది పది వేల లోపే.

1951 అక్టోబరులో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. కొద్ది నెలల్లో తొలి సాధారణ ఎన్నికలు వచ్చాయి. నిషేధంలో ఉన్న పార్టీ ప్రజాస్వామ్య ఫ్రంట్ పేరుతో నిలబడింది. రావి నారాయణరెడ్డి నల్లగొండ లోక్‌సభ స్థానంలో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రిగా మాత్రం దుందుభి ఎగువ ప్రాంతపు బూర్గుల 1952 మార్చిలో ప్రమాణం చేశారు. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. వాటి వెనక తుపాకుల భయం ఉందన్నది ఆనాటి పాలకులకూ తెలుసు. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే పోచంపల్లి వచ్చి భూదానం అడిగింది కూడా ఆ నేపథ్యంలోనే.

నది కృష్ణలో కలిసే చోటు ఇప్పుడు నాగార్జునసాగర్ జలాల కింద ఉంది. 1967లో ఆ జలాశయం నుంచి కాలువలకు నీరు వదిలేనాటికి బెంగాల్‌లో నక్సల్బరీ రైతు తిరుగుబాటు లేచింది. చైనా పేరు మళ్లీ తెలుగు పల్లెల్లో వినిపించింది. ముందు శ్రీకాకుళం కొండల్లో, తర్వాత కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో, 1980లో కొండపల్లి సీతారామయ్య పీపుల్స్‌వార్ పెట్టాక నల్లమలలో. 2004 అక్టోబరులో నల్లమల నుంచి బయటికి వచ్చిన మావోయిస్టు నాయకులు హైదరాబాద్‌లో ప్రభుత్వంతో చర్చలు జరిపారు. భూమి పంపిణీ ఆ చర్చల్లో ముఖ్యమైన అంశం. 2005 జనవరిలో చర్చలు తెగిపోయాయి. తర్వాత రెండేళ్లలో నల్లమల దళాలు చెదిరిపోయాయి. ఆ అడవిలో మావోయిస్టు ఉద్యమం తిరిగి నిలదొక్కుకోలేదు.