ముగ్గు, చలి, నా నీలం గొట్టం

ధనుర్మాసం వస్తోందంటే మీకు దద్ధోజనం, చక్కెర పొంగలి గుర్తుకొస్తాయి కాబోలు. నాకు మాత్రం పిల్లికూతలు గుర్తుకొస్తాయి. మా ఇంట్లో పిల్లి లేదు లెండి. ఆ కూతలు నా ఛాతీలోంచే.

నాకు ఉబ్బసం. ఈ మాట ఇలా పదిమందీ చదివే చోట రాస్తానని తెలిస్తే ఒకప్పుడు మా అమ్మ నా చెయ్యి పట్టుకు ఆపేది. పెళ్ళిచూపులనాడు "మా అమ్మాయికి సంగీతం వచ్చు, కుట్లు వచ్చు" అని ఏకరువు పెట్టిన మనిషి, "ఆయాసం కూడా వచ్చు" అన్న ఒక్క ముక్క మాత్రం మింగేసింది. మాది కాకినాడ. ఆ సముద్రపు గాలికి చలికాలమంటే పేరుకే. ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్ప నా జబ్బు బయటపడేది కాదు. అందుచేత అబద్ధమాడామని అమ్మకీ అనిపించలేదు, నాకూ అనిపించలేదు.

తీరా కాపరానికి వచ్చింది హైదరాబాదుకి. మల్కాజిగిరిలో పాతకాలపు ఇల్లు, చిమ్మడానికే అరగంట పట్టే వాకిలి. ధనుర్మాసం నెల్లాళ్ళూ తెల్లవారకముందే ముగ్గు పడాలంటారు మా అత్తగారు. కొత్తకోడలుండగా ఆవిడ నడుం వంచుతారా? బయట 12 డిగ్రీల చలి. చిమ్మి, కళ్ళాపి చల్లి, చుక్కలు పెట్టేసరికి ముక్కుతో పీల్చే గాలి చాలక నోరు తెరిచేదాన్ని. చుక్కలు కలిపేలోగా గొంతు కింద ఎవరో తాడు బిగించినట్టుండేది. గబగబా వంటింట్లోకి పోయి, మినప్పప్పు డబ్బా వెనక దాచిన నీలం గొట్టం తీసి రెండుసార్లు పీల్చి, ఏమీ ఎరగనట్టు డికాక్షను దింపేదాన్ని.

"ఏమే, గీతలు అలా వణికాయేం?" అనేవారు అత్తగారు.

"చలండీ" అనేదాన్ని. అబద్ధం కాదు గదా!

మూడేళ్ళు సాగిందండీ ఈ నాటకం. 2006 భోగినాడు బెడిసికొట్టింది. చలికి భోగిమంట పొగ కూడా తోడైంది. వంటింట్లోకి వెళ్ళి గొట్టం నొక్కాను. ఖాళీ. మళ్ళీ నొక్కాను. ఖాళీయే. పిలుద్దామంటే మాట పెగల్లేదు. పప్పు డబ్బా కిందపడ్డ చప్పుడుకి మా వారు వచ్చారు గనక సరిపోయింది.

ఆస్పత్రిలో నా ముఖానికి మాస్కు పెట్టి, డాక్టరమ్మ "ఈవిడ ఏం మందు వాడతారు?" అని అడిగింది. "మా కోడలికి ఏ జబ్బూ లేదండీ" అన్నారు అత్తగారు, ఎంతో ధీమాగా. కొంగుముడిలోని ఖాళీ గొట్టం తీసి చూపించాను. నా జన్మలో అంత సిగ్గుపడిన రోజు లేదు.

కాస్త తెరిపిన పడ్డాక ఆ డాక్టరమ్మ చెప్పిన సంగతి నాకు వంటింటి భాషలోనే అర్థమైంది. మనం పీల్చే గాలి ఎంత చల్లనిదైనా లోపలికి చేరేసరికి ఒంటి వేడికి రావాలి, తడి పట్టాలి. 37 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి 44 గ్రాముల దాకా నీటి ఆవిరిని మోస్తుంది. 12 డిగ్రీల దగ్గర 11 గ్రాములు మోయడమే గొప్ప. ఆ తక్కువైన తడిని మనమే సమకూర్చాలి. ముక్కుతో పీల్చినంతసేపూ ముక్కే చాలావరకు సర్దుకొస్తుంది. రొప్పుతూ నోటితో పీల్చామా, చల్లని పొడిగాలి తిన్నగా ఊపిరిగొట్టాల్లోకి పోయి అక్కడి తడిని లాగేస్తుంది. చారు మరిగి మరిగి ఉప్పెక్కదూ? అలాగే ఆ పొర మీది మిగిలిన తడి ఉప్పెక్కుతుంది. దానికి అక్కడి కణాలు రేగిపోయి హిస్టమిన్ లాంటివి వదులుతాయి. గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి.

"చలి అందరికీ ఒకటే గదండీ! మా అత్తగారికి రాని ఆయాసం నాకేం?" అన్నాను.

"మీ గొట్టాలు ఎండాకాలంలోనూ లోపల వాచే ఉన్నాయమ్మా. చలిగాలి పుండు మీద కారం. పుండు మాత్రం ముందునుంచీ ఉన్నదే" అంది.

నీలం గొట్టం బిగిసిన కండరాన్ని వదులు చేస్తుందే గాని, వాపు జోలికి పోదట. వాపు తగ్గించే స్టెరాయిడు గొట్టం వేరే ఉంది. కాకినాడ డాక్టరు ఎప్పుడో రాసిచ్చాడు కూడాను. "బాగానే ఉన్నానుగా, అలవాటు పడిపోతానేమో" అని నేనే మానేశాను. మనలో ఎంతమందిమి ఇలా మానేస్తామో! ఉబ్బసానికి నీలం గొట్టం ఒక్కదానితో సరిపెట్టవద్దని, గినా అనే అంతర్జాతీయ సంస్థ 2019లో డాక్టర్లకే చెప్పింది.

ఇంటికొచ్చాక అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు నా మంచం పక్కన కూర్చుని, "నాతో హత్య చేయించబోయావు గదే!" అని బావురుమన్నారు. జబ్బు దాచినందుకు తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

మామగారు చరక సంహిత తీసి, తమకశ్వాస అన్నది చలికీ మబ్బుకీ తూర్పుగాలికీ పెరుగుతుందని ఎప్పుడో రాశారని చూపించారు. అత్తగారు చూపించింది మఫ్లరు. ముక్కూ నోరూ చుట్టుకుంటే, మనం వదిలిన ఊపిరి వేడీ తడీ అందులో నిలిచి తర్వాత పీల్చే గాలికి అందుతాయి. చరకుడికంటే ఆ మఫ్లరే ఎక్కువ అక్కరకొచ్చింది.

ఇప్పుడు మా అమ్మాయికి పదహారేళ్ళు. నా కళ్ళూ వచ్చాయి, నా ఆయాసమూ వచ్చింది. పరుగుపందేలంటే ప్రాణం. మొన్న డిసెంబరులో కాలేజీ మైదానానికి బయల్దేరుతుంటే, "గొట్టం సంచీ అడుగున పెట్టుకో, నలుగురిలో తియ్యకు" అన్నాను. అచ్చం మా అమ్మ గొంతు.

అత్తగారు కుర్చీలోంచి చూశారు. డెబ్బయ్యెనిమిదేళ్ళ మనిషి, చేతికర్ర పట్టుకుని వాకిట్లోకి నడిచారు. "ఇక్కడే పీల్చి వెళ్ళవే" అన్నారు మనవరాలితో. అది వీధికి ఎదురుగా నిలబడి పీల్చి, ఊపిరి బిగబట్టింది.

"ఒకటి... రెండు... మూడు..." లెక్క మొదలుపెట్టారు అత్తగారు, వీధి వీధంతా వినబడేలా. ఎదురింటావిడ ముగ్గుచిప్ప పట్టుకుని అలాగే నిలబడి చూస్తోంది. అత్తగారు పది దాకా ఆపలేదు.